గాలి నెదిరించి సాగెడు చిన్న పడవ



గడచిన వారము తొమ్మిదవ తరగతి పాఠములో "చుక్కాని" యను మాట వచ్చినది. అర్థ మడిగితిని. తరగతిలో నొక్కరును చెప్పలేదు. కొంత సేపటికి కడపటి బల్లమీది పిల్లవాడొకడు లేచి, "అయ్యా, అరవములో సుక్కాన్ అందురు, అదియేనా?" యని సందేహించుచు అడిగెను. అదియే! వాడు సరిగా చెప్పియు తప్పు చెప్పినట్లు తల వంచుకొనెను. ఆ పిల్లవాని కొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన తిరుపత్తూరునకు సముద్రము దూరము. పాలారులో వానకాలమున తప్ప నీరు కానరాదు. ఏలగిరి కొండమీది పుంగనూరు చెరువులో తిరుగు పడవలే మన మెరిగిన నావలు. అందుచేత పడవకు సంబంధించిన మాటలు మన యిండ్లలో వాడుక తప్పినవి. కాని తెలుగువారికి ఓడ క్రొత్తది కాదు. శాతవాహన రాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు.

పడవను తిప్పునది చుక్కాని. ఇది అరబ్బీ నావికుల నుండి వచ్చిన మాట. అరవములోను, తెలుగులోను నిలిచినది. పడవను నిలుపునది లంగరు, ఇది పారసీకము. గాలిని పట్టునది తెరచాప. అరవమున దీనిని "పాయ్" అందురు. పాయ్ అనగా చాపయే కదా! పూర్వము అల్లిన చాపలనే గాలికి ఎత్తి కట్టెడివారు. రెండు భాషలవారును ఒకే వస్తువును చూచి ఒకే విధముగా పేరు పెట్టిరి. కావున రెండు భాషలు తెలిసిన పిల్లవాడు సిగ్గుపడ పని లేదు. వానికి ఒక మాట రెండవ దానికి త్రోవ చూపును.

ఇక పడవ నడచు తీరు చూతము. వెనుక నుండి గాలి వీచిన పడవ ముందుకు పోవుట వింత కాదు. ఎదురు గాలిలో పోవుటయే వింత. తెరచాప ఉబ్బి పక్షి రెక్క వలె వంగును. దాని రెండు ప్రక్కలను గాలి యొత్తిడి సమముగా నుండదు. ఆ భేదము పడవను కొంత ముందునకు, ఎక్కువగా ప్రక్కకు లాగును. పడవ నడుమ నుండి నీటిలోనికి దింపిన పలక ఆ ప్రక్కజారుటను అడ్డగించును. అప్పుడు ముందుకు పోవుట మాత్రమే మిగులును. అయినను గాలికి సూటిగా ఎదురు పోవ వీలు లేదు. సుమారు 45 డిగ్రీలు ఓరగా పోవలెను. కొంత దూరము కుడికి, కొంత దూరము ఎడమకు మరలుచు వంకర త్రోవను గమ్యము చేరవలెను.

ఈ విద్యను హైదరాబాదు హుస్సేన్‌సాగరములో పేద పిల్లలకు నేర్పు సంఘ మొకటి కలదు. అది 2009లో ఏర్పడిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాదు. పిల్లలు మొదట ఎక్కునది ఆప్టిమిస్టు పడవ. దీనిని 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనునతడు రూపొందించెను. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఒక్క పిల్లవాడే నడపును. శీతకాలమున గాలి మందముగా నుండును. అప్పుడు చెంపకు తాకు చిన్న గాలిని సైతము గుర్తించుట, త్రాటిని సడలించి బిగించుట నేర్తురు. మెల్లని గాలిలో ఓర్పుతో నేర్చినది జూలైలో ఋతుపవనము విసరునపుడు జరుగు పోటీలలో అక్కరకు వచ్చును. ఆ చెరువున నేర్చిన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో భారతదేశము పక్షమున పాల్గొనెను.

తల్లిదండ్రులారా! "నీళ్ళ దగ్గరకు పోవలదు" అని మనము పిల్లలను వారింతుము. బావులు, చెరువులు ఎందరు పిల్లలను మ్రింగెనో ఎరుగుదుము. ఆ భయము న్యాయమైనదే. అయినను ఆ సంఘములు భయమునకు చూపు మందు వేరు. తేలు చొక్కా తొడుగక ఎవరును పడవ ఎక్కరాదు. పడవ బోల్తాపడినచో ఒడ్డునకు ఈదబోక పడవనే పట్టుకొని యుండవలెను. నడిమి పలకపై బరువు మోపి దానిని మరల నిలువబెట్టవలెను. ఇది ముందుగా కావలెనని పడవను బోల్తా కొట్టించియే నేర్పుదురు. నీటిని ఎరుగని పిల్లవానికంటె నీటి మర్యాద నెరిగిన పిల్లవాడు క్షేమము.

మనకు చాల దగ్గరి ఉదాహరణ మొకటి కలదు. వేలూరులో జన్మించిన విష్ణు శరవణన్ భారత సైన్యములో నుండి ఈ క్రీడ నభ్యసించి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలోను, 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలోను తెరచాప పడవ నడపెను. 2023 ఆసియా క్రీడలలో కాంస్య పతకము గెలిచెను. టోక్యోలో పాల్గొనిన చెన్నై యువతి నేత్రా కుమనన్ ఈ విద్యను ఒక వేసవి శిబిరములో మొదలిడెను. సముద్రము లేని ఊర బుట్టుట అడ్డంకి కాదని దీనివలన తెలియుచున్నది.

అభ్యాసము: ఒక బెండు ముక్కపై పుల్ల నిలిపి, కాగితపు తెరచాపను ఓరగా అతికించి, తొట్టి నీటిలో విడువుడు. ప్రక్క నుండి ఊదుడు. తరువాత అడుగున సన్నని రేకు ముక్క నిలువుగా గ్రుచ్చి మరల ఊదుడు. రెండు మారులును పడవ ఎటు పోయినదో చూచి, కారణమును ఐదు వాక్యములలో తెలుగున వ్రాయుడు. తెలియని మాట వచ్చినచో అరవములో అడుగుటకు వెనుదీయకుడు. తెలుగు మాటను మనము కలిసి వెదకుదము.