గిట్ పుష్ కొట్టే ముందు ఇది చదవండి: నేను చేసిన తప్పు, నేర్చుకున్న పద్ధతి

మన ఫోన్‌లో ఏదైనా యాప్‌కి అప్‌డేట్ వచ్చిందంటే, చాలాసార్లు దాని వెనక నలుగురైదుగురు రాసిన కోడ్ ఒకచోట కలిసి ఉంటుంది. ఆ కలపడం గిట్‌తో ఎలా జరుగుతుందో ఈరోజు చూద్దాం. ముందు నా తప్పు చెప్తాను, ఎందుకంటే అసలు పాఠం అందులోనే ఉంది.

నా మొదటి ఉద్యోగంలో ముగ్గురం కలిసి ఒక ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నాం. మర్నాడు క్లయింట్‌కి డెమో. సాయంత్రం నా కోడ్ పుష్ చేస్తే "రిజెక్టెడ్" అని వచ్చింది. కంగారుగా నెట్‌లో వెతికి, ఫోర్స్ ఆప్షన్ పెట్టి మళ్లీ కొట్టాను. వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లాను. రాత్రి పదింటికి మా టీమ్‌లో అమ్మాయి ఫోన్ చేసింది. "నా లాగిన్ స్క్రీన్ కోడ్ రిమోట్‌లో కనబడట్లేదు. నువ్వేమైనా చేశావా?" అది ఆమె రెండు రోజుల పని. నాకు చెమటలు పట్టాయి.

అసలు ఏం జరిగింది?

గిట్‌ని లినస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ పని కోసం తయారు చేశాడు. మామూలుగా క్లోన్ చేసిన ప్రతి కాపీలోనూ ప్రాజెక్ట్ హిస్టరీ మొత్తం ఉంటుంది. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్‌లలో ఉండే రిమోట్ రిపాజిటరీ కూడా అలాంటి ఒక కాపీయే. కాకపోతే అందరూ అక్కడికే పంపుతారు, అక్కడి నుంచే తెచ్చుకుంటారు.

బ్రాంచ్ అంటే చివరి కమిట్‌ని చూపించే ఒక గుర్తు. నాకంటే ముందే ఆమె పుష్ చేసింది. ఆ కమిట్లు నా దగ్గర లేవు. అందుకే గిట్ నన్ను ఆపింది. నేను ఫోర్స్ కొట్టేసరికి ఆ గుర్తు నా కమిట్ మీదకి జరిగింది, ఆమె పని బ్రాంచ్‌లోంచి తప్పిపోయింది.

మమ్మల్ని కాపాడింది ఆమె ల్యాప్‌టాప్. అందులో కమిట్లు అలాగే ఉన్నాయి. ఆమె వాటిని కొత్త బ్రాంచ్‌గా పుష్ చేసింది, నేను తెచ్చుకుని మెర్జ్ చేశాను. అర్ధరాత్రి దాటాక యాప్ మళ్లీ రన్ అయింది. రిఫ్లాగ్ అనే కమాండ్ కూడా పోయిన కమిట్లను వెతికి పెడుతుంది కానీ, మన మెషీన్‌లో ఎప్పుడైనా ఉన్నవాటినే. ఆమె కోడ్ నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు కాబట్టి నా రిఫ్లాగ్ పనికిరాలేదు.

ఇప్పుడు నేను పాటించే వరుస

1. కొత్త పనికి కొత్త బ్రాంచ్. మెయిన్‌లో నేరుగా రాయను.

2. గిట్ స్టేటస్ చూసి, కావలసిన ఫైళ్లే యాడ్ చేసి కమిట్ చేస్తాను. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు ఉన్న ఫైళ్లను గిట్‌ఇగ్నోర్‌లో పెడతాను. ఒకసారి పుష్ అయిన కీని తర్వాత డిలీట్ చేసినా హిస్టరీలో ఉంటుంది, దాన్ని మార్చేయడమే మార్గం.

3. పుష్‌కి ముందు గిట్ ఫెచ్. ఇది రిమోట్‌లో కొత్తగా వచ్చినవి తెస్తుంది కానీ నా ఫైళ్లను ముట్టుకోదు. పుల్ అయితే తెచ్చి వెంటనే కలిపేస్తుంది కూడా.

4. కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఆ లైన్లు రాసినవాళ్లను అడిగి సరిచేస్తాను. ఒకసారి యాప్ రన్ చేసి చూసుకున్నాకే పుష్.

5. తర్వాత పుల్ రిక్వెస్ట్. ఇంకొకరు చూసి ఓకే అన్నాకే మెయిన్‌లోకి వెళ్తుంది.

ఇంకో మాట. గిట్‌హబ్‌కి హెచ్‌టీటీపీఎస్ ద్వారా పుష్ చేసేటప్పుడు అకౌంట్ పాస్‌వర్డ్ పనిచేయదు. 2021 ఆగస్టు 13 నుంచి దాన్ని ఆపేశారు. టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ పెట్టుకోవాలి.

ఫోర్స్ తప్పనిసరి అయితే?

మీ సొంత బ్రాంచ్‌లో రీబేస్ చేశాక అవసరం రావచ్చు. అప్పుడు "ఫోర్స్ విత్ లీజ్" వాడండి. మీరు చివరిసారి చూసిన తర్వాత రిమోట్‌లో ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఆగిపోతుంది. అయితే ఫెచ్ చేసి, వచ్చినవి చూడకుండా కొడితే ఆ రక్షణ ఉండదు. మెయిన్ బ్రాంచ్‌కి మాత్రం సెట్టింగ్స్‌లో ప్రొటెక్షన్ ఆన్ చేసి, ఫోర్స్ పుష్‌ను పూర్తిగా బ్లాక్ చేయండి. మేం ఆ మర్నాడు డెమో అవగానే చేసిన మొదటి పని అదే.

"రిజెక్టెడ్" అని వస్తే ఎర్రర్ అనుకోకండి. మీకంటే ముందు ఎవరో పని చేసి పెట్టారు, ఒకసారి చూసి రమ్మని గిట్ చెప్తోంది, అంతే.