పెరటి పందిళ్లు: మెదక్ ఇళ్లకు అనువైన నమూనాలు

ఇంటి పెరట్లో పందిరి కూరగాయల తీగలకు ఆధారం, ఇంటికి నీడ, ముంగిటికి అందం. అయితే కాపు మీదున్న పందిరి తొలకరి గాలులకు కూలితే ఆ కాలపు కూర చేజారినట్లే. తెగిన తీగ మళ్లీ అల్లుకొని కాపుకు వచ్చేలోగా అదను దాటిపోతుంది. అందువల్ల మెదక్ పట్టణంలో పెరడు ఉన్నవారు పందిరి రూపం కంటే ముందు దాని మొదలు గురించి ఆలోచించాలి.

గుంజ నేలను తాకరాదు

పందిరి గుంజలు ఎక్కువగా నేలమట్టం వద్దనే దెబ్బతింటాయి. తడి, గాలి రెండూ అందే ఆ చోటే కర్ర కుళ్లుతుంది, చెదలు పడతాయి. ఏ శుద్ధీ చేయని వెదురు నేలలో పాతితే 1 నుంచి 3 సంవత్సరాలకు మించి నిలవదు. ఈ ప్రాంతంలో కంచెలకు వాడే రాతి కడీలు దీనికి చక్కని పరిష్కారం. 4 అడుగుల కడీని 2 అడుగుల లోతున పాతి, చుట్టూ మొరం వేసి గట్టిగా దిమ్మిస చేయాలి. వెదురు గుంజను నేలకు నాలుగు అంగుళాల ఎత్తున చదునైన రాతిపై నిలిపి, కడీకి రెండుచోట్ల జీఐ తీగతో బిగించాలి. గుంజ పాడైనప్పుడు కడీని కదిలించకుండా దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

కర్ర ఎంపిక, శుద్ధి

మూడేళ్లు దాటిన, లోపలి బోలు తక్కువగా ఉన్న వెదురును ఎంచుకోవాలి. నాలుగు వారాలకు తగ్గకుండా నీటిలో నానబెట్టి నీడన ఆరబెడితే, అందులోని పిండిపదార్థం తగ్గి, తొలిచే పురుగుల బెడద తగ్గుతుంది. చెదలను మాత్రం ఇది ఆపదు. అందుకే కడీ అవసరం. సరుగుడు, జామాయిలు కర్రలు వాడితే బెరడు తీసివేయాలి. బెరడు కింద పురుగులు దాగుతాయి. కూరగాయలు పండే చోట కర్రలకు వాడేసిన ఇంజను ఆయిలు పూయరాదు.

నాలుగు నమూనాలు

చదరపు పందిరి: 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున నాలుగు గుంజలపై వేసుకోవాలి. పైన అడుగుకొక బద్ద చొప్పున అడ్డంగా, నిలువుగా పరచి కట్టాలి. ఇది సొర, బీర, పొట్లకు అనువైనది. కిలోన్నర చొప్పున పది సొరకాయలు ఒకేసారి వేలాడితే 15 కిలోలు. వానకు తడిసిన తీగ బరువు దీనికి అదనం. కనుక మూలమూలకూ గుంజ నుంచి దూలానికి ఏటవాలుగా ఒక బొంగు తప్పక బిగించాలి. గాలికి పందిరి పక్కకు ఒరగకుండా ఆపేది ఇదే.

వాలు పందిరి: పడమటి గోడకు అడుగున్నర దూరంలో వేసుకోవాలి. గోడకు ఆనిస్తే గాలి ఆడదు, చెమ్మ చేరుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఆకు నిండుగా ఉండే తీగ ఇక్కడ అవసరం. శీతాకాలపు కాపుతో ముగిసే చిక్కుడు పనికిరాదు. నీరు అందితే ఏళ్ల తరబడి నిలిచే దొండ, లేదా పూలకోసం రాధామనోహరం మేలు.

దడి: 5 అడుగుల ఎత్తున బద్దలను అల్లి నిలబెట్టాలి. కాకర, తీగ బచ్చలి దీనిపై బాగా పాకుతాయి. మెదక్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నందున చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. ఆకుకూరల మడికి ఉత్తరపు అంచున దడి కడితే మడికి ఎండ తగ్గదు.

కమాను: వాకిలి దారిపై పచ్చి వెదురు బద్దలను వంచి రెండువైపులా కడీలకు కట్టాలి. దీనికి సన్నజాజి, శంఖపుష్పం వంటి తేలిక తీగలే తగినవి. సొర పాకించరాదు.

విత్తే వేళ, సంరక్షణ

బీర, సొర, కాకరను జూన్–జూలైలో గానీ, వేసవి పంటగా జనవరి–ఫిబ్రవరిలో గానీ విత్తుకోవచ్చు. బీరలో అర్క సుమీత్, సొరలో అర్క బహార్, కాకరలో పూసా దో మౌసమి అనువైన రకాలు. దొండను పెన్సిలు మందం గల తీగ ముక్కలతో నాటాలి. తీగ సాగకముందే పందిరి సిద్ధం కావాలి. సాగిన తర్వాత గుంతలు తవ్వితే వేళ్లు తెగుతాయి.

ఏటా మృగశిర కార్తెకు ముందే కొబ్బరి తాళ్లను మార్చి, జీఐ తీగను బిగించి, గుంజలను చేత్తో ఊపి చూడాలి. మెత్తబడిన గుంజను అప్పుడే మార్చితే, కాయ వేలాడే రోజుల్లో వచ్చే గాలివానకు పందిరి నిలుస్తుంది.