గుండె దడదడ ఎందుకు?

1996 నవంబరు 6వ తేదీ రాత్రి. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం, పక్కనున్న కోనసీమ ఊళ్లు అతలాకుతలమయ్యాయి. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకొరిగాయి.

ఆ రాత్రి యానాంలో మీ ఈడు పిల్లవాడొకడు ఉన్నాడనుకోండి. ఇంటి కప్పు లేచిపోతోంది. "పరుగెత్తరా!" అని నాన్న కేక వేశాడు. వాడి గుండె దడదడ కొట్టుకుంది. నోరు ఎండిపోయింది. అరచేతులు చెమర్చాయి. వాడు పిరికివాడా? కానే కాదు. వాడి శరీరం వాణ్ణి కాపాడే పనిలో ఉంది. ఎలాగో చూద్దాం.

మన మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులున్నాయి. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువుంటుంది. వీటిని అధివృక్క గ్రంథులంటారు. ఆపద ఎదురవగానే మెదడు నుంచి నాడుల ద్వారా వీటి లోపలి భాగానికి కబురు అందుతుంది. క్షణాల్లో ఎడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి గొట్టాలు వెడల్పవుతాయి. కాలేయంలో నిలవ ఉన్న గ్లైకోజన్ గ్లూకోజుగా మారి కండరాలకు అందుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. పరుగెత్తేవాడికి అప్పుడు అన్నం అరగడం ముఖ్యం కాదు గదా!

రెండో కబురు కాస్త నెమ్మది. మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథికి, అది అధివృక్కాల వెలుపలి భాగానికి హార్మోనుల ద్వారా ఆజ్ఞ పంపుతాయి. అక్కడ కార్టిసాల్ తయారై, గ్లూకోజు సరఫరా తగ్గకుండా చూస్తుంది.

అసలు వింత ఇప్పుడు వినండి. ఈ ఆజ్ఞను ఆపేది కూడా కార్టిసాలే! నీళ్ల ట్యాంకు నిండగానే బంతి తేలి కుళాయిని మూసేస్తుంది, చూశారా? అలాగే రక్తంలో కార్టిసాల్ పెరగగానే హైపోథలామస్, పీయూష గ్రంథి తమ ఆజ్ఞలను తగ్గించుకుంటాయి.

కాని ఆపద పోయినా ఆందోళన పోకపోతే? కుళాయి సరిగా మూసుకోదు. చలికీ, గాయాలకూ, విపరీతమైన శ్రమకూ గురిచేసిన ఎలుకల్లో అధివృక్క గ్రంథులు ఉబ్బడం, కడుపులో పుండ్లు పడటం హాన్స్ సెల్యే గమనించి 1936లో ప్రకటించాడు. మనుషుల్లోనూ ఒత్తిడి ఎడతెగకుండా ఉంటే నిద్ర చెడుతుంది, జ్ఞాపకం మందగిస్తుంది, రోగాలను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది.

అందుకే తుపాను వెలిశాక బాధితులకు బియ్యం, బట్టలతోపాటు కంటినిండా నిద్ర, నలుగురి తోడు కూడా కావాలి. వారాలు గడిచినా గాలి చప్పుడుకు ఉలిక్కిపడే స్నేహితుణ్ణి ఎగతాళి చేయకండి. పెద్దలకు చెప్పి డాక్టరుకు చూపించండి.

ఒక చిన్న పరీక్ష చేయండి. తరగతిలో లేచి పాఠం అప్పగించడానికి ముందు మీ నాడిని 15 సెకన్లు లెక్కించి 4తో గుణించండి. అరగంట తరువాత మళ్లీ లెక్కించండి. తేడా కనబడిందా? భయం పడగానే శరీరం లేచింది, పని అయ్యాక కూర్చుంది. ఆరోగ్యమంటే అదే!