బండి వెనక ఊగుతోందా? ముందు బుష్ చూడండి

మోటారు సైకిల్ ఇప్పుడు రైతుకు సరదా వస్తువు కాదు, సేద్యపు పనిముట్టు. నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో యూరియా మూట తేవాలన్నా, పాల క్యాను చేర్చాలన్నా బండే దిక్కు. నాగలి కర్రు అరిగితే వెంటనే చూసుకునే రైతు, బండి వెనక ఊగితే మాత్రం 'రోడ్డు బాగలేదులే' అని సరిపెట్టుకుంటాడు. చివరికి షాకబ్జర్లు పోయాయనుకుని కొత్త జత వేయిస్తాడు. డబ్బు పోతుంది, ఊగుడు పోదు. చాలాసార్లు లోపం స్వింగ్ ఆర్మ్ బోల్టులో, బుష్‌లలో ఉంటుంది.

ఏమిటీ భాగాలు?

వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండేది స్వింగ్ ఆర్మ్. తలుపు బందు మీద ఆడినట్టు, ఇది ముందు చివరనున్న పొడవాటి బోల్టు మీద పైకీ కిందికీ ఆడుతుంది. బోల్టుకూ ఆర్ముకూ మధ్య బుష్‌లుంటాయి. చిన్న బండ్లలో ఎక్కువగా ఇనుప గొట్టానికి రబ్బరు అతికించిన బుష్‌లు వాడతారు. కొన్నింటిలో నైలాన్ బుష్‌లు, సూది బేరింగులు ఉంటాయి. సీటు కింద ఒకే షాకబ్జర్ ఉన్న బండ్లలో కొన్నింటికి, దాన్ని ఆర్ముతో కలిపే లింకు ముక్కలు కూడా ఉంటాయి. ఇవి బాగా కిందుగా ఉంటాయి కాబట్టి బురద ముందు వీటికే పడుతుంది.

తుప్పు ఎందుకు పడుతుంది?

కె.సి. కాలువకు నీళ్ళు వదిలిన రోజుల్లో గట్ల మీద తిరిగితే నల్లరేగడి బురద బోల్టు చుట్టూ పట్టేస్తుంది. పైన ఎండినా లోపల తేమ పోదు. దీనికి తోడు ఎరువులు. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది. అది ఉప్పులాగే ఇనుమును తినేస్తుంది. ఉప్పు బోరు నీళ్ళతో బండి కడిగినా ఇదే నష్టం.

గుర్తించడం ఎలా?

బండిని సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం గాలిలో ఉంచండి. ఒక చేత్తో ఫ్రేము, రెండో చేత్తో ఆర్ము వెనక చివర పట్టుకుని కుడి ఎడమలకు కదపండి. ఆర్ము 'టక్ టక్' మని కదిలితే బుష్ పోయినట్టే. ఆర్ము కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే చక్రం బేరింగు చూపించాలి. బరువుతో మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం పక్కకు లాగినా అనుమానించాల్సిందే.

మార్చే పద్ధతి

1. ముందు రాత్రే బోల్టు రెండు చివరలకూ తుప్పు వదిలించే నూనె వేసి నాననివ్వాలి.

2. ఇంజను కింద చెక్క మొద్దు పెట్టి బండి కదలకుండా నిలపాలి. చైను, బ్రేకు రాడ్డు, వెనక చక్రం, షాకబ్జర్ల కింది బోల్టులు తీసేయాలి.

3. నట్టును బోల్టు చివరతో సమంగా వచ్చేదాకా వదులు చేసి, చెక్కగానీ రాగి ముక్కగానీ అడ్డం పెట్టి కొట్టాలి. బోల్టు కాస్త కదిలాక నట్టు పూర్తిగా తీసి బయటికి నెట్టాలి. నేరుగా సుత్తితో కొడితే మరలు చెడిపోతాయి. గ్యాసు మంటతో కాల్చవద్దు. దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

4. పాత బుష్‌ను ప్రెస్సు ఉన్న షాపులోనే తీయించాలి. ఇంట్లో బాదితే ఆర్ము సొట్టపోతుంది. రంధ్రంలోని తుప్పు గీకి, కొత్త బుష్‌ను వంకర లేకుండా దించాలి.

5. బోల్టుకు పలుచగా గ్రీజు పూయాలి. రబ్బరుకు మాత్రం గ్రీజు తగలకూడదు, ఉబ్బి చెడుతుంది. బుష్ దిగకపోతే సబ్బు నీళ్ళు చాలు. సూది బేరింగులైతే గ్రీజు నింపి, దుమ్ము సీళ్ళు కొత్తవి వేయాలి.

6. రబ్బరు బుష్‌లున్న బండికి చక్రం గాలిలో ఉండగా నట్టు పూర్తిగా బిగించవద్దు. అన్నీ అమర్చి, చక్రాలు నేల మీద ఆనాక, సీటు మీద ఒకరిని కూర్చోబెట్టి బిగించాలి. లేకుంటే రబ్బరు మెలికపడి తొందరగా చినుగుతుంది. లాక్ నట్టు కొత్తదే వేయాలి.

చైను బిగువు, చక్రం వరస, బ్రేకు సరిచూసుకున్నాకే బండి తీయండి. మొదట ఖాళీ బండి నడిపి చూసి, వారం తర్వాత నట్టు మళ్ళీ పరీక్షించండి.

ఈ పొరపాట్లు వద్దు

గుంటలు పడిన పాత బోల్టును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేయకండి. కొత్త బుష్ కూడా దాంతో పాడవుతుంది. బలం తగ్గిన బోల్టు బరువు మీద విరిగితే మనిషికే ముప్పు. బోల్టు, బుష్ ఖర్చు షాకబ్జర్ల జతతో పోలిస్తే చాలా తక్కువ. బండి పుస్తకంలో రాసిన బరువు హద్దు కూడా చూసుకోండి. యూరియా మూట 45 కిలోలు. రెండు మూటలు, నడిపే మనిషి కలిస్తే చిన్న బండికి మోత మించిపోతుంది.

ఎరువు మోసిన రోజు సాయంత్రమే మంచినీళ్ళతో అడుగు భాగం కడిగి ఆరనివ్వండి. ఏటా తొలకరికి ముందు బోల్టు తీయించి గ్రీజు పూయించండి. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టనిదే మన పెద్దలు బండి కట్టేవారు కాదు. మోటారు బండికీ ఆ శ్రద్ధే కావాలి.