అప్లికేషన్ నీది, అప్పు ఎవరిది?

ప్రశ్న: నాన్న సింగరేణి అండర్‌గ్రౌండ్ బాయిలో (బొగ్గు గనిలో) జనరల్ మజ్దూర్. వయసు 57. నేను బీటెక్ కంప్యూటర్స్ ఫైనలియర్. అమెరికాలో ఎంఎస్‌కు సీటు వచ్చింది. అన్నీ కలిపి 40 లక్షలు అవుతాయంటున్నారు. నాన్నకు నడుము నొప్పి ఉంది. ‘మెడికల్ పెట్టుకుంట, నౌకరి నువ్వు చేసుకో, లేకుంటే వచ్చే పైసలతో అమెరికా పో’ అంటున్నాడు. మెడికల్ బోర్డులో పని చేయిస్తానని ఒకాయన డబ్బులు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– విద్యార్థి, యైటింక్లయిన్ కాలనీ

జవాబు: గోదావరిఖని నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నాన్న నడుము సంగతి. ఆ నొప్పి నిజంగా పని చేయనివ్వకపోతే ఏరియా ఆసుపత్రిలో చూపించుకోవాలి. అక్కడి డాక్టర్లు పంపితే కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. అది ఆయన ఒంటికి సంబంధించిన నిర్ణయం. నీ సీటు కోసం, నీ ఫీజు తారీఖు చూసుకుని తీసుకోవాల్సింది కాదు. పని చేయిస్తానన్న మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. బాగున్న మనిషిని లంచమిచ్చి అన్‌ఫిట్ చేయించుకోవడం నేరం. రేపు విచారణ జరిగితే నోటీసు వచ్చేది మీ నాన్నకే. ఆ మధ్యవర్తి ఫోన్ ఎత్తడు.

నిజంగానే అన్‌ఫిట్ అయ్యాడనుకుందాం. వారసుడికి ఉద్యోగం వస్తుంది, వద్దనుకుంటే ఒకేసారి 25 లక్షలో, నెలనెలా 26 వేల పైచిలుకో తీసుకోవచ్చు. మీ ఇంట్లో అందరి కళ్లూ ఆ 25 లక్షల మీదే ఉన్నట్టున్నాయి. ఆ సొమ్ముతో నువ్వు విమానమెక్కితే ఇంట్లో ఏం మిగులుతుందో చూడు. సింగరేణిలో ఇప్పుడు రిటైర్మెంట్ 61 ఏళ్లకు. అంటే మీ నాన్న నాలుగేళ్ల జీతం పోతుంది. క్వార్టర్ ఖాళీ చేయాలి. 1998 నాటి బొగ్గు గని పెన్షన్ పథకం కింద ఒకసారి ఎంత ఖరారైతే చివరిదాకా అంతే, ధరలు పెరిగినా డీఏ కలవదు. ఈ పెన్షన్ పెంచమని రిటైరైన కార్మికులు ఎన్నేళ్లుగా అడుగుతున్నారో మీ కాలనీలో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. కాబట్టి బాయి పని మానేసిన మనిషికి మిగిలేది సీఎంపీఎఫ్ (భవిష్య నిధి), గ్రాచుటీ. గ్రాచుటీకి 20 లక్షల పరిమితి ఉంది. అమ్మానాన్నలకు ఇల్లు, మందులు, మీ చెల్లి ఉంటే ఆమె పెళ్లి, అన్నీ దాంట్లోంచే.

ఇక అప్పు. 40 లక్షలు 11 శాతం వడ్డీకి, పదేళ్లకు తీసుకుంటే నెలకు కిస్తీ సుమారు 55 వేలు. చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ దీనికి అదనం. అమెరికాలో ఉద్యోగం దొరికితే కట్టగలవు. దొరక్క తిరిగొచ్చి హైదరాబాద్‌లో నెలకు 40 వేల ఉద్యోగంలో చేరితే? జీతం మొత్తం కట్టినా 15 వేలు తక్కువ పడతాయి. ఆ 15 వేలు ఎవరు తెస్తారు? 60 దాటిన మీ నాన్న.

కంపెనీ క్వార్టర్ తాకట్టుకు పనికిరాదు. మామూలు కాలేజీలకు ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు అడుగుతాయి. సహ రుణగ్రహీతకు సర్వీసు ఎంత మిగిలిందో కూడా చూస్తాయి. అక్కడ కుదరకపోతే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల దగ్గరికి పోతారు, వడ్డీ పెరుగుతుంది. బ్యాంకు ఎందుకు వెనకాడుతున్నదో ఒక్క నిమిషం ఆలోచించినా సగం జవాబు దొరుకుతుంది.

నా మాట ఇది. సీటును ఏడాది వాయిదా వేయమని యూనివర్సిటీకి మెయిల్ రాయి. చాలాచోట్ల ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే మళ్లీ అప్లై చెయ్యి. జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఈలోగా ఉద్యోగం వెతుక్కో, కనీసం ఏడాది చెయ్యి, నీ జీతంలోంచి పక్కన పెట్టు. అప్పుడు ఏ చదువు కావాలో కూడా స్పష్టంగా తెలుస్తుంది. అప్పు నీ పేరున, ఇండియా జీతంతోనైనా తీర్చగలిగినంతే తీసుకో. వారసత్వ ఉద్యోగం చిన్నదని మాత్రం అనుకోకు. బదిలీ వర్కర్‌గా చేరి మస్టర్లు (హాజరు) నింపుకుంటూ పైకొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు ఆ బాయిల్లోనే ఉన్నారు. కానీ నీకు ఇష్టం లేని ఉద్యోగం కోసం మీ నాన్న తన ఉద్యోగం వదులుకోవద్దు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతున్న మనిషిని లేపి కన్సల్టెన్సీ రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే పిల్లలున్న ఊరు ఇది. నువ్వు అలా చేయలేదు, ఉత్తరం రాశావు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: జీఆర్ఈ లేకుండా అమెరికా వెళ్లొచ్చా?
– మార్కండేయ కాలనీ

జవాబు: వెళ్లొచ్చు, చాలా యూనివర్సిటీలు అడగడం లేదు. కానీ పరీక్ష ఇప్పుడు రెండు గంటల లోపే, మంచి స్కోరు ఫీజు రాయితీకి పనికొస్తుంది, రాసేయి.

ప్రశ్న: మా అబ్బాయికి కన్సల్టెన్సీ వాళ్లే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాసిస్తామన్నారు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉన్నాయి. బ్యాంకు బ్యాలెన్స్ కూడా వాళ్లే చూపిస్తారట. మాకు చదువు రాదు కాబట్టి మంచిదే కదా?
– ఒక తల్లి, ఎన్టీపీసీ జ్యోతినగర్

జవాబు: మంచిది కాదమ్మా. ముందు ఆ పాస్‌వర్డ్ ఈరోజే మార్పించండి.

మొన్న ఇద్దరు పిల్లలు ఎస్ఓపీలు దిద్దమని పంపారు. ఒకరిది సెంటినరీ కాలనీ, ఇంకొకరిది కరీంనగర్. మొదటి పేరా అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ప్రాణమట. రెండింటినీ ఒకే చోట రాసిచ్చారు. సెంటినరీ కాలనీ అబ్బాయిని ఫోన్ చేసి అడిగితే, ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ)లో బ్లాస్టింగ్ జరిగినప్పుడు ఇళ్ల గోడలు ఎంత అదురుతున్నాయో కొలిచేందుకు ఫోన్‌లోని సెన్సర్‌తో ప్రాజెక్టు చేశానన్నాడు. వాళ్ల ఇంటి వంటగది గోడ పగులు పక్కన పెన్సిల్‌తో తారీఖులు రాసి పెట్టాడు. ఆ సంగతి ఎస్ఓపీలో ఒక్క ముక్క లేదు! ప్రొఫెసర్ ఆగి చదివేది ఆ పేరానే. అది రాయగలిగేది ఆ పిల్లవాడొక్కడే.

ఇది ఇంగ్లిషు బాగుందా లేదా అన్న విషయం కాదమ్మా. ఎదుటివాళ్లు రాసిన కాగితం మీద సంతకం మీవాడిది. ఇంటర్వ్యూలో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడేది మీవాడు. అద్దెకు తెచ్చిన బ్యాలెన్స్ ఎవరిదని ఆఫీసర్ అడిగితే, అబద్ధం బయటపడితే, ఆ ఒక్క వీసాతో పోదు. తప్పుడు సమాచారం ఇచ్చాడని రాస్తే జన్మంతా అమెరికా గడప తొక్కకుండా నిషేధం పడవచ్చు. 2023 ఆగస్టులో అమెరికా విమానాశ్రయాల దాకా వెళ్లి, ఒక్క రోజే 21 మంది భారతీయ విద్యార్థులు తిరుగు విమానమెక్కారు. వాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. అక్కడి అధికారులు కాగితాలతో పాటు ఫోన్లూ మెసేజ్‌లూ చూశారని పిల్లలు చెప్పారు. చేతిలో వీసా ఉన్నవాళ్ల సంగతి ఇది.

ఇంకో సంగతి. ‘క్లాసులకు పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు’ అనే కాలేజీని వాళ్లు చూపిస్తే లేచి వచ్చేయండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ విషయంలో అరెస్టయిన 129 మంది భారతీయుల్లో తెలుగువాళ్లే ఎక్కువ. ఆ ఫార్మింగ్టన్‌ను అమెరికా ప్రభుత్వ అధికారులే వలపన్ని పెట్టారు. ప్రభుత్వ జాబితాలో పేరు ఉంది, వెబ్‌సైటు ఉంది, తరగతులే లేవు. కాబట్టి జాబితా చూసి ఊరుకోవద్దు. అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో మీవాడే మాట్లాడాలి.

కన్సల్టెన్సీ దగ్గరికి అసలు పోవద్దని అనను. ఫీజు కట్టే పద్ధతి, ఫారం నింపే వరస చెప్పించుకోండి. రాసేది మాత్రం పిల్లవాడే. మీకు చదువు రాదన్నారు. వాడు రాసింది మీకు తెలుగులో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆఫీసర్‌కూ చెప్పలేడు.

ప్రశ్న: అమ్మ ఓసీపీలో కాంట్రాక్టు కార్మికురాలు. మేము బీసీలం. నేను బీఎస్సీ డేటా సైన్స్. మాలాంటి వాళ్లకు విదేశీ చదువు సాధ్యమేనా?
– విద్యార్థిని, గోదావరిఖని

జవాబు: పర్మినెంట్ కార్మికుల పిల్లలకు దొరకని ఒక దారి నీకుందమ్మా. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తున్నది. 20 లక్షల దాకా సాయం, ఒకవైపు విమాన చార్జీ కూడా. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. ఇప్పుడున్న బొగ్గు గని వేతనాలతో పర్మినెంట్ కార్మికుల ఇళ్లు ఆ గీత దాటిపోతాయి. మీది దాటదు. డిగ్రీలో 60 శాతం మార్కులు, వయసు 35 లోపు, ఇంట్లో ఒక్కరికే. ఎంపికలో డిగ్రీ మార్కులతో పాటు జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోర్లూ లెక్కలోకొస్తాయి కనుక ఆ పరీక్షలకు గట్టిగా చదువు. నోటిఫికేషన్ ఈ-పాస్ సైటులో వస్తుంది. ఆదాయం, కులం సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో పెట్టుకో. గతంలో ఈ సొమ్ము నెలల తరబడి ఆగిన సందర్భాలున్నాయి. మొదటి సెమిస్టర్ ఫీజుకు వేరే ఏర్పాటు లేకుండా బయల్దేరొద్దు.

ప్రశ్న: మూడు బ్యాక్‌లాగ్‌లున్నాయి. దాచొచ్చా?
– మంథని

జవాబు: వద్దు, ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తాయి. క్లియర్ చేసి, ఎందుకు పోయాయో రెండు వాక్యాల్లో రాయి.

ప్రశ్న: మంథని జేఎన్టీయూలో మైనింగ్ చదువుతున్నాను. అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సుకు మారి అమెరికా పొమ్మంటున్నారు.

జవాబు: మారొద్దు! మైనింగ్ వాళ్లకు ప్రపంచంలో చోటుంది. అమెరికాలో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ 1874 నుంచి ఉంది. మిస్సోరిలో రోలా పట్టణంలోని యూనివర్సిటీ ఉంది. ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ బంగారు గనుల నడుమనే స్కూల్ ఆఫ్ మైన్స్ ఉంది. నాకు నచ్చినది జర్మనీలోని ఫ్రైబెర్గ్. 1765లో మొదలైన గనుల విశ్వవిద్యాలయం అది, ప్రభుత్వానిది, కొన్ని మాస్టర్స్ కోర్సులు ఇంగ్లిషులోనే. జర్మనీ 2018 డిసెంబరులో తన చివరి నల్ల బొగ్గు గనిని బొట్రోప్‌లో మూసేసింది. మూసిన గనిలోంచి నీళ్లు ఎలా తోడాలి, కుంగిన నేలను ఏం చేయాలి అన్నవి అక్కడ ఇప్పుడు నడుస్తున్న పనులు. మన దగ్గరా పాత ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఆ విద్య నేర్చుకున్నవాళ్లు రామగుండానికి కావాలి. జర్మనీకి మన డిగ్రీలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు చూపాలి. ఆ డబ్బు అక్కడ నీకే నెలనెలా తిరిగొస్తుంది.

ప్రశ్న: నీట్‌లో మార్కులు తక్కువ. కిర్గిజ్‌స్తాన్ ఎంబీబీఎస్‌కు పంపమంటున్నారు.
– తండ్రి, రామగుండం

జవాబు: నీట్‌లో క్వాలిఫై కాకపోతే ఆ డిగ్రీ ఇక్కడ చెల్లదు. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిషులో ఉండాలి, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. తిరిగొచ్చాక రాసే పరీక్షలో ఎక్కువ మంది తప్పుతున్నారు. మీరు సింగరేణి ఉద్యోగి అయితే రామగుండం మెడికల్ కాలేజీలో ఉద్యోగుల పిల్లలకు ఉన్న ఐదు శాతం సీట్ల సంగతి ముందు కనుక్కోండి.

ప్రశ్న: హెచ్-1బీకి లక్ష డాలర్లట. ఇక అమెరికా పోవడం దండుగేనా?

జవాబు: 2025 సెప్టెంబరులో వచ్చిన ఆ రుసుము అమెరికా బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే వాళ్లకు. అక్కడే చదివి, అక్కడి నుంచే వీసా మారేవారికి వర్తించదని అక్టోబరులో అమెరికా వలస శాఖే చెప్పింది. అయినా చదువయ్యాక చేతిలో గ్యారంటీగా ఉండేది 12 నెలల ఓపీటీ (పని చేసుకునే అనుమతి), స్టెమ్ కోర్సయితే మరో 24 నెలలు. అప్పు లెక్క ఆ మూడేళ్లకే వేసుకోండి.

ప్రశ్న: పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఫర్వాలేదా?

జవాబు: వెంటనే సరిచేయించుకో. లేదంటే అమెరికా వీసాలో నీ పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అన్నింట్లో అలాగే ఉండాలి.

ఎస్ఓపీలు దిద్దమని పంపేవాళ్లకు ఒక మనవి. ఎవరో రాసింది పంపొద్దు. ఇంగ్లిషు రాకపోతే తెలుగులోనే, మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రెండు పేజీలు రాసి పంపండి. చదివి, దాన్ని ఇంగ్లిషులో మీరే ఎలా రాసుకోవాలో తిరుగు టపాలో చెబుతాను.