‘మూడేళ్ళు’ అంటే ఎన్ని రోజులు?

సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ రైతు ఇంటికి వెళ్ళినా గోడ క్యాలెండర్ ఒకసారి చూడండి. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన ఆ క్యాలెండర్ మీదే సగం సేద్యం కనిపిస్తుంది. మిర్చి నారు పోసిన రోజు, నాటిన రోజు, మందు కొట్టిన రోజు, కూలీలకిచ్చిన డబ్బు, గ్యాస్ బండ వచ్చిన తేదీ అన్నీ పెన్నుతో రాసి ఉంటాయి. ఒక్క రోజు అటూ ఇటూ అయితే పంటకు ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అదే ఇంట్లోంచి బీటెక్ పూర్తిచేసిన పిల్లో పిల్లాడో ఎంఎస్‌కు బయల్దేరేటప్పుడు మాత్రం ఈ లెక్క పక్కకు పోతుంది. “చదువయ్యాక ఎన్నాళ్ళుండనిస్తారు బాబూ?” అని తండ్రి అడుగుతాడు. “మూడేళ్ళు బాబాయ్, ఢోకా లేదు” అంటాడు కన్సల్టెన్సీ కుర్రాడు. ఆ ఒక్క మాట మీద ముప్పై లక్షల అప్పుకు సంతకాలు పడిపోతాయి. ఆ మూడేళ్ళలో ఏముందో విప్పి చూసేవాళ్ళు తక్కువ. ఇవాళ ఆ పని చేద్దాం.

అసలిది ఏమిటి?

విద్యార్థి వీసా చదువుకోవడానికి. డిగ్రీ అయ్యాక ఆ దేశంలోనే కొంతకాలం ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతినే మనం పోస్ట్ స్టడీ వర్క్ వీసా అంటున్నాం. దీంతోపాటు ఉద్యోగం రాదు, స్థిరనివాసమూ రాదు. చేతికి వచ్చేది గడువు మాత్రమే. ఆ గడువులోగా మన చదువుకు తగిన పని వెతుక్కుని, తర్వాతి వీసాకు మారాలి. లేదంటే తిరుగు ప్రయాణం.

మనవాళ్ళలో ఎంతమంది ఈ గడువు మీద ఉన్నారో చూడండి. అమెరికా ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అక్కడ భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వారిలో 1,43,740 మంది చదువు పూర్తిచేసి ఓపీటీ అనే అక్కడి పోస్ట్ స్టడీ అనుమతి మీద ఉన్నవారే. ప్రతి ఐదుగురిలో ఇద్దరన్నమాట.

అమెరికా: పన్నెండు ఖాయం, ఇరవై నాలుగు షరతుతో

అక్కడ ‘మూడేళ్ళు’ ఒకే ముక్కగా రాదు. ముందు వచ్చేది 12 నెలల ఓపీటీ. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల వాళ్ళకు, అంటే స్టెమ్ డిగ్రీలకు, మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. దానికి వేరే దరఖాస్తు, వేరే షరతులు. కంపెనీ, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి. ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి. జీతం ఇవ్వాలి. మొదటి ఏడాదిలో వారానికి కనీసం 20 గంటలు మన సబ్జెక్టులో జీతం లేకుండా పనిచేసినా కార్మిక చట్టాలకు అడ్డురాకపోతే లెక్కలోకి వస్తుంది. పొడిగింపులో అది కుదరదు.

మీ కోర్సు స్టెమ్ అవునా కాదా అన్నది దాని పేరు చూసి తేల్చకండి. ఒక వర్సిటీలో ఎంబీఏ స్టెమ్ కిందకు రావచ్చు, పక్క వర్సిటీలో రాకపోవచ్చు. వర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సు పక్కన సీఐపీ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ స్టెమ్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే మీ మూడేళ్ళు పన్నెండు నెలలకు కుదించుకుపోయినట్టే.

తేదీలు వేసి చూద్దాం

మీ కోర్సు 2027 మే 15న పూర్తవుతుందనుకోండి. ఓపీటీ దరఖాస్తును కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచి, ముగిశాక 60 రోజుల దాకా తీసుకుంటారు. అంటే ఫిబ్రవరి 14 నుంచి జులై 14 దాకా. వర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ, సిఫార్సు నమోదు చేసిన 30 రోజుల్లోగా దరఖాస్తు అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖ అయిన యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. చాలామంది తడబడేది ఈ 30 రోజుల దగ్గరే.

పని ఎప్పుడు మొదలవ్వాలో ఆ 60 రోజుల్లోపు తేదీని మీరే ఎంచుకోవచ్చు. జులై 1 అని రాశారు, పని అనుమతి కార్డు కూడా సమయానికే వచ్చిందనుకుందాం. ఆ రోజునుంచి మరో గడియారం తిరగడం మొదలవుతుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. జులై 1న లెక్క మొదలుపెడితే సెప్టెంబరు 28కి తొంభై నిండుతాయి. ఇక్కడ మన చేలో పత్తి తొలి తీతకు రాకముందే అక్కడ గడువు అయిపోతుందన్నమాట. స్టెమ్ పొడిగింపు దొరికితే మరో 60 రోజులు కలిసి, మూడేళ్ళ మొత్తానికి 150 అవుతాయి. చేతిలో ఆఫర్ లేనివాళ్ళు ప్రారంభ తేదీని వీలైనంత ఆలస్యంగా పెట్టుకోవడం మంచిదనేది ఇందుకే. ఉద్యోగం మారినా, పోయినా, చిరునామా మారినా 10 రోజుల్లోగా తెలియజేయాలి.

ఇంకో మెలిక. చదువుతుండగా కోర్సులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ సీపీటీని పూర్తి సమయం లెక్కన 12 నెలలు వాడేసుకుంటే, ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ మొత్తం రద్దవుతుంది. సీపీటీ వాడుకోండి, పదకొండో నెల దాటనివ్వకండి.

హెచ్‌-1బీ మెట్టు

ఓపీటీ తర్వాత ఎక్కువమంది ఎదురుచూసేది ఉద్యోగ వీసా హెచ్‌-1బీ. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. నమోదు మార్చిలో జరుగుతుంది, ఎంపిక లాటరీతో. స్టెమ్ వాళ్ళకు మూడేళ్ళలో సుమారు మూడుసార్లు అవకాశం ఉంటుంది. మిగతావాళ్ళకు ఒకటే అనుకోవాలి.

పాత లాటరీలో అందరి చీటీకీ ఒకటే విలువ. 2026 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన నిబంధనతో అది మారింది. అన్నిటికన్నా పైదైన నాలుగో స్థాయి జీతమిచ్చే ఉద్యోగానికి నాలుగు చీటీలు, మొదటి స్థాయికి ఒకటే. కొత్తగా పట్టా తీసుకున్నవారికి దొరికేవి ఎక్కువగా కింది స్థాయి జీతాలే కాబట్టి దెబ్బ వాళ్ళ మీదే పడుతుంది. ఇక 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వచ్చింది. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా ఎఫ్‌-1 నుంచి హెచ్‌-1బీకి మారేవారికి ఇది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అదే ఏడాది అక్టోబరులో స్పష్టం చేసింది. అయితే దరఖాస్తు తేలకముందే దేశం దాటి ఆ మార్పుకు అర్హత పోగొట్టుకుంటే రుసుము తగులుకుంటుంది. ఆ దశలో ఇంటికి రావడానికి టికెట్ కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి తీరాలి.

బ్రిటన్: తెరుస్తారు, మూస్తారు, తగ్గిస్తారు

ఈ అనుమతులు శాశ్వతం కావనడానికి బ్రిటన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2012 ఏప్రిల్‌లో పాత పోస్ట్ స్టడీ వీసాను మూసేసింది. 2021 జులై 1న గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో మళ్ళీ తెరిచి, రెండేళ్ళు ఇచ్చింది. పీహెచ్‌డీ వాళ్ళకు మూడేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు ఆ రెండేళ్ళు 18 నెలలవుతాయి. ఏడాది మాస్టర్స్‌కు 2026 సెప్టెంబరులో చేరేవాళ్ళు పూర్తిచేసేది 2027లోనే. కాబట్టి ఎవరైనా ‘రెండేళ్ళు’ అని చెబితే అది పాత లెక్క.

దరఖాస్తు బ్రిటన్‌లో ఉండగానే, విద్యార్థి వీసా గడువు తీరకముందే చేయాలి. పట్టా చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు, కోర్సు పూర్తయిందని వర్సిటీ హోం ఆఫీసుకు తెలియజేస్తే చాలు. దీనికి పొడిగింపు లేదు. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే 2025 జులై 22 నుంచి సాధారణంగా ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరే యువతకు 33,400 పౌండ్లు. మీ రంగంలో మొదటి జీతం ఈ గీత దాటుతుందా? ఫీజు కట్టకముందే చూసుకోవాల్సిన అంకె ఇది.

మిగతా దేశాలు క్లుప్తంగా

కెనడా: మాస్టర్స్ వాళ్ళకు కోర్సు రెండేళ్ళకన్నా తక్కువైనా మూడేళ్ళ అనుమతి దొరుకుతుంది. కోర్సు కనీసం 8 నెలలుండాలి. 2024 నవంబరు 1 నుంచి భాషా పరీక్ష తప్పనిసరి. కాలేజీ డిప్లొమాలకు ప్రభుత్వం గుర్తించిన రంగాల కోర్సైతేనే అనుమతి. కోర్సు పూర్తయిన 180 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టు గడువు ఎంతవరకుంటే అనుమతీ అంతవరకే. ముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని, తర్వాతే దరఖాస్తు చేయండి. ఈ అనుమతి జీవితంలో ఒక్కసారే.

ఆస్ట్రేలియా: ఇక్కడ దీని పేరు 485 వీసా. 2024 జులై 1 నుంచి సాధారణంగా 35 ఏళ్ళ వయోపరిమితి పెట్టారు. రెండు దేశాల వాణిజ్య ఒప్పందం వల్ల మాస్టర్స్ చేసిన భారతీయులకు మూడేళ్ళు.

జర్మనీ: డిగ్రీ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు. ఈలోగా ఏ పనైనా చేసుకోవచ్చు. ఆపైన ఉండాలంటే చదువుకు తగ్గ ఉద్యోగం కావాలి. ఎక్కువ ప్రభుత్వ వర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేకపోవడం అప్పు తగ్గించే సంగతి. జర్మన్ భాష రాకపోతే మాత్రం 18 నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఐర్లాండ్: మాస్టర్స్‌కు రెండేళ్ళు, ఏడాది చొప్పున ఇస్తారు. ఆనర్స్ డిగ్రీకి ఏడాది.

అప్పును మిర్చిలో కొలిస్తే

చదువు రుణాల్లో సాధారణంగా కోర్సు కాలం, ఆపైన మరో ఏడాది దాకా కిస్తీ మొదలవదు. వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. ముప్పై లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెలకు కిస్తీ దాదాపు 41,300 రూపాయలు. ఆగిన కాలపు వడ్డీ కలిపితే ఇంకా పెరుగుతుంది.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఆ లెక్కన ఒక నెల కిస్తీకి మూడున్నర క్వింటాళ్ళు, ఏడాదికి 42 క్వింటాళ్ళ ఎండు మిర్చి గుంటూరు యార్డుకు పోవాలి. ఎకరాకు ఇరవై క్వింటాళ్ళు పండినా రెండెకరాల పంట సరిపోదు. అదీ విత్తనం, మందులు, కోతకూలి తీయకముందు. పిల్లలకు అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఆ కిస్తీ వచ్చి పడేది ఈ కల్లం మీదే. పైగా కిస్తీ మొదలయ్యే నెల, అమెరికాలో మొదటి 12 నెలల ఓపీటీ తీరే సమయం దాదాపు ఒకటే. రెండు గడువులూ ఒకే కాగితం మీద రాసుకోవాలి.

గడువు తీరినప్పుడు ఎదురయ్యే వల

రోజులు అయిపోతున్నాయన్న భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో చేరినవారిలో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పరికరాలు తగిలించారు. నిర్వాహకురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు పడింది. ఆ దాడులు జరిగిన ఎనిమిదేళ్ళకు, 2019 జనవరి నెలాఖరులో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. దానికి వెబ్‌సైటు ఉంది, ఫీజుల వసూలు ఉంది. క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్ళు లేరు. నడిపింది మారువేషంలో ఉన్న హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. చదవకుండానే సీపీటీ మీద పనిచేసుకోవచ్చన్న ఆశే చాలామందిని అక్కడికి లాగింది.

ఇప్పటి వల పేరు ‘పేరోల్ రన్’. పని ఉండదు. మనమే డబ్బు కడితే, ఉద్యోగం చేస్తున్నట్టు కాగితం పుట్టిస్తారు, 90 రోజుల లెక్క ఆగినట్టు చూపిస్తారు. దొరికితే వీసా మోసం కిందకు వస్తుంది. తర్వాత ఏ వీసాకు వెళ్ళినా ఆ మచ్చ వెంటాడుతుంది. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చడం, ఇంటర్వ్యూలో మరొకరిని మాట్లాడించడం కూడా ఈ కోవలోవే.

చేరకముందే చేయాల్సినవి

• కోర్సు ముగిసే తేదీని కచ్చితంగా తెలుసుకోండి. అక్కడినుంచి వెనక్కి లెక్కేసి దరఖాస్తు తేదీలు రాసుకోండి.
• ర్యాంకుతోపాటు అదే శాఖలో నిరుడు పట్టా తీసుకున్న ఇద్దరు సీనియర్లతో మాట్లాడండి. “ఉద్యోగం వచ్చిందా?” అని ఆగిపోకండి. “ఎన్నో రోజున వచ్చింది, ఎన్ని దరఖాస్తులు పెట్టారు?” అని అడగండి.
• ఉద్యోగ వేట డిగ్రీ అయ్యాక మొదలుపెట్టేది కాదు. మొదటి సెమిస్టర్‌లోనే క్యాంపస్ కెరీర్ సెంటర్‌కు వెళ్ళండి. రెండో సెమిస్టర్ నాటికి ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు వెళ్ళిపోవాలి.
• నిబంధనలు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి. వాట్సప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్‌ను బట్టి నిర్ణయం తీసుకోకండి.
• తిరిగి రావాల్సి వస్తే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మీ కోర్సుకు వచ్చే జీతంతో కిస్తీ కట్టగలరా? ఆ అంకె వచ్చేదాకా రుణం మొత్తాన్ని తగ్గిస్తూ పోండి. స్కాలర్‌షిప్, తక్కువ ఫీజున్న వర్సిటీ, ఫీజు లేని దేశం ఇవన్నీ అప్పుడు కనిపిస్తాయి.

ఇదంతా అయ్యాక మీ ఇంట్లోని ఆ గోడ క్యాలెండర్ దగ్గరకు వెళ్ళండి. కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా మందు కొట్టే తేదీల పక్కనే మీ తేదీలు నాలుగు రాసిపెట్టండి: కోర్సు ముగింపు, దరఖాస్తుకు ఆఖరు రోజు, తొంభయ్యో రోజు, మొదటి కిస్తీ. చేనుకు ఏ రోజు ఏం కావాలో మీ నాన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ తేదీలూ కళ్ళెదుట ఉంటే, ఈసారి కన్సల్టెన్సీ కుర్రాడు ‘మూడేళ్ళు’ అన్నప్పుడు “ఏ రోజు నుంచి ఏ రోజు దాకా బాబూ?” అని ఆయనే అడుగుతాడు.