ఇంటి కంప్యూటర్ల మందగతి: కారణ పరీక్ష

తలిదండ్రులకు మనవి. ఇంట విండోస్, లినక్స్ కంప్యూటర్లు రెండును ఉండి, పిల్లల పాఠము ఒకదానిపై ఆగి ఆగి వచ్చుచున్నచో, తొందరపడి హెచ్చు రుసుము పథకమునకు మారరాదు. మొదట లోపమెచ్చటనో తెలిసికొనవలెను.

రెంటిని ఒకే కేబులుతో, ఒకదాని తరువాత నొకటిగా, రౌటరునకు కలిపి వేగము చూడుడు. ఒకటే మందమైనచో లోపము ఆ కంప్యూటరుననే వెదకవలెను. రెండును మందమైనచో కేబులు మార్చి చూడుడు. అందలి 8 తీగలలో ఒక్కటి తెగినను 1000 మెగాబిట్ల వేగము 100కు పడిపోవచ్చును. అప్పటికిని మందమైనచో రౌటరునో, బయటి లైనునో శంకింపవలెను.

కేబులుతో వేగముండి వైఫైలో తగ్గినచో దూరము, గోడలు కారణము కావచ్చును. 5 గిగాహెర్ట్జ్ దగ్గర వేగముగా నుండును, 2.4 దూరము పోవును.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితమును పిల్లలచేత తెలుగున వ్రాయించుడు. అదియు నొక పాఠమే.